పూటకూళ్ళమ్మ ఇల్లెక్కడ?

కారెక్కేముందు ఎవరైనా మూడు చూసుకొంటారు. టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు, జేబులో పర్సు. రాత్రికి తల వాల్చే చోటు సంగతి మాత్రం పొద్దు గుంకాకే గుర్తొస్తుంది.

ఆ రోజు మాఘమాసంలో ఓ శనివారం. తెల్లవారుజామున ఐదున్నరకి విశాఖపట్నంలో బంధువుల ఇంటి ముందు నుంచి ఒక కారు బయల్దేరింది. లోపల ఐదుగురు. పశ్చిమగోదావరిలో ముప్ఫై మూడేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన భార్య. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు. కోడలు. ఎనిమిదేళ్ళ మనవరాలు.

నిజానికి ఈ ప్రయాణానికి మూలం మాస్టారి భార్య. "ఒక్కసారి అరసవల్లి తీసుకెళ్ళరా" అని కొడుకుని అడిగింది ఆవిడే. అంతదూరం పోయి ఒక్క గుడి చూసి రావడమేమిటని మాస్టారు విజయనగరం కలిపారు. కొడుకు శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం కలిపాడు. దారిలోనే కదా అని రామతీర్థం చేరింది. అన్నీ కలిసేసరికి, అసలు అడిగిన అరసవల్లి జాబితాలో ఆఖరికి జరిగి ఆదివారం పొద్దుటికి వెళ్ళిపోయింది.

"రాత్రి బస శ్రీకాకుళంలో అన్నావు. గది చెప్పి ఉంచావా?" మాస్టారు అడిగారు.

"చిన్న ఊరే కదా నాన్నా. వెళ్ళాక చూసుకోవచ్చు."

వెనక సీట్లో తల్లి ఏదో అనబోయింది. కొడుకు అప్పటికే పాటలు పెట్టేశాడు.

* * *

విజయనగరంలో టిఫిన్లు అయ్యాక ముందుగా గురజాడ అప్పారావు ఇంటికి వెళ్ళారు. గుమ్మం దగ్గరే మాస్టారు చెప్పులు విప్పేశారు.

"తాతయ్యా, ఇది గుడా?" అంది మనవరాలు.

"నాకు గుడేనమ్మా."

అన్నేళ్ళు కన్యాశుల్కం గురించి పిల్లలకు చెప్పిన మనిషి. అది పుట్టిన ఊరు చూడటం ఇదే మొదలు. 1892లో ఆ నాటకాన్ని తొలిసారి ఆడింది ఈ ఊళ్ళోనే. అందులో గిరీశం చెప్పాపెట్టకుండా ఉడాయించేదీ ఈ ఊరి నుంచే.

"ఎందుకు ఉడాయించాడు తాతయ్యా?"

"అప్పులమ్మా. సంతలో సరుకులు కొనుక్కొస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకొని వాడేసుకొన్నాడు."

"పూటకూళ్ళమ్మ అంటే?"

"హోటళ్ళు లేని రోజుల్లో పరాయి ఊరు పోయినవాడికి అన్నం ఎవరు పెడతారు? ఇంట్లోనే వండి, పూటకింతని డబ్బు తీసుకొని పెట్టే ఆవిడ ఉండేది. ఆవిడే పూటకూళ్ళమ్మ."

మనవరాలికి గిరీశం కన్నా పూటకూళ్ళమ్మే నచ్చింది. గంటస్తంభం చూపిస్తే, "పూటకూళ్ళమ్మ ఇల్లు ఇక్కడేనా?" అంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల చూపించి, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు అనీ, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పింది ఇక్కడేననీ, ఘంటసాల చదువుకొన్నదీ ఇక్కడేననీ మాస్టారు చెబుతుంటే, "వాళ్ళంతా పూటకూళ్ళమ్మ ఇంట్లోనే తినేవారా?" అంది. దానికి మాస్టారి దగ్గర జవాబు లేదు.

కోట ముందు తండ్రీ కొడుకులకు చిన్న తగువు వచ్చింది. విజయ నామ సంవత్సరంలో, అంటే 1713లో మొదలైన కోట అది. ఇప్పుడు లోపల కాలేజీలు నడుస్తున్నాయి. కొడుక్కి అది చూశాక బొబ్బిలి మీదికి మనసు పోయింది. తుపాకులూ ఫిరంగులూ పట్టుకొని ఫ్రెంచి సేనాని బుస్సీ అంతదూరం ఎలా వచ్చాడో చూడాలని.

"యాభై కిలోమీటర్లకు పైనే. అటు వెళ్తే ఇక కళింగపట్నం లేదు" అన్నారు మాస్టారు. "అయినా ఆ యుద్ధం కోసం బొబ్బిలి దాకా ఎందుకురా? పద చూపిస్తాను."

తీసుకెళ్ళింది మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడికి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. బుస్సీని వెంటపెట్టుకొని వెళ్ళిన విజయనగరం రాజు విజయరామరాజు గెలిచాడు. గెలిచినవాడు ఇంటికి రాలేదు. ఆయన్ని గుడారంలోనే తాండ్ర పాపారాయుడు పొడిచేశాడు. యుద్ధం వద్దన్న చెల్లెలు పైడిమాంబ ఆ కబురు విని పెద్దచెరువులో కలిసిపోయిందనీ, ఆమే ఈ పైడితల్లి అనీ జనం చెప్పుకొంటారు. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను ఈ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది.

"అన్న గెలిచాడు. ఊరు మాత్రం చెల్లెలికి మొక్కుతోంది" అంది మాస్టారి భార్య. ఆ పూటంతా ఆవిడ అన్న మాట అదొక్కటే.

* * *

నెల్లిమర్ల మీదుగా రామతీర్థం చేరేసరికి పదకొండున్నర. కింద రాముడి కోవెల. చుట్టూ బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండ. ఆ కొండల మీద బౌద్ధుల విహారాల శిథిలాలు, జైనుల గుర్తులు. ఒకే ఊళ్ళో మూడు మతాల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చోటు చూసుకొన్నారు. వానాకాలం మూడు నెలలు భిక్షువు ఒకచోట ఆగాలన్నది బుద్ధుడు పెట్టిన నియమం. ఆగాలంటే గది కావాలి. ఆ గదుల వరుసే విహారం.

"అంటే అదీ ఒక లాడ్జే" అన్నాడు కొడుకు.

"అద్దె లేని లాడ్జి" అన్నారు మాస్టారు.

రణస్థలం దగ్గర జాతీయ రహదారి ఎక్కారు. ఎడమ చేతివైపు పొందూరు బోర్డు కనిపించింది. కోడలు కారు ఆపమంది. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వి సన్నటి నూలు వడికే ఊరది. గాంధీజీ మెచ్చిన ఖద్దరు. "రేపు తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలే" అన్నాడు భర్త. చూడవలసినవి మరీ ఎక్కువైనప్పుడు, చూడాలనుకొన్నవే ముందుగా జారిపోతాయి.

ఒంటిగంటన్నరకు శ్రీకాకుళం. కాంప్లెక్స్ దగ్గర మెస్సులో భోజనాలు. ఉత్తరాంధ్రలో కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండే. మెస్సు పక్కనే ఒక లాడ్జి. మాస్టారి భార్య చేతులు కడుక్కొని వస్తూ దాన్ని చూసింది.

"గది తీసుకొని పోదామేంరా? సామాను పెట్టేసుకోవచ్చు."

"సాయంత్రం చూద్దామమ్మా. ఇప్పట్నుంచీ అద్దె దండగ."

ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

* * *

శ్రీకూర్మం శ్రీకాకుళానికి పదమూడు కిలోమీటర్లు. విష్ణువును తాబేలు రూపంలో కొలిచే గుడి. మూలవిరాట్టు పడమర ముఖంగా ఉంటుంది. ధ్వజస్తంభాలు రెండు. మనవరాలు తాబేళ్ళను లెక్కపెట్టడంలో పడింది. అవి కదిలిపోతుంటే లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. మాస్టారు మాత్రం స్తంభాల దగ్గర ఆగిపోయారు. నిలువెత్తు రాళ్ళ మీద శాసనాలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు 1281లో వేయించిన శాసనం కూడా ఈ గుడిలోనే ఉంది. వేలితో తడుముతూ పాత తెలుగు అక్షరాలు కూడబలుక్కొంటూ అరగంట గడిపేశారు.

"నాన్నా, టైమవుతోంది."

"ఏడొందల ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాయిరా ఇవి. అరగంటలో నీకేమవుతుంది?"

ఏమైందో రాత్రికి తెలిసింది.

గార దాటి శాలిహుండం చేరేసరికి నాలుగున్నర. వంశధార ఒడ్డున కొండ, కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు. బౌద్ధం ఇక్కడ వెయ్యేళ్ళకు పైగా నిలిచింది. ఈ చోటును 1919లో లోకానికి తెలియజేసింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడి, సవర భాష నేర్చుకొని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

మాస్టారు కొండను కింది నుంచి పైకి చూశారు. తర్వాత మోకాళ్ళను చూసుకొన్నారు. "మీరు వెళ్ళిరండి" అని చెట్టు కింద కూర్చున్నారు. భార్య కూడా పక్కనే కూర్చుంది. మిగతా ముగ్గురూ పైకి వెళ్ళి అరగంటలో దిగారు.

"తాతయ్యా, పైన గుండ్రటి ఇటుక అరుగులు ఉన్నాయి. నది మొత్తం కనిపిస్తోంది. సముద్రం కూడా!"

"అలాగా. ఇంకా?"

అది చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకొని విన్నారు. పదేళ్ళ ముందు వచ్చి ఉంటే అని ఒక్కసారి కూడా అనలేదు. అనలేదని భార్యకు తెలిసింది.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట చీకటి పడేదాకా ఉన్నారు. దీపస్తంభం వెలిగింది. ఇది ఒకప్పటి రేవు. ఈ తీరపు రేవుల నుంచే బతుకు వెతుక్కొంటూ ఎందరో రంగం వెళ్ళారు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడుగు తీరం మరే జిల్లాకూ లేదు. ఆ సాయంత్రం ఇసుక మీద ఉన్నవాళ్ళు మాత్రం పదిమందికి మించరు.

"ఇంత బాగుంది, ఎవరూ రారేం?" అంది కోడలు.

ఆ ప్రశ్నకు జవాబు కూడా రాత్రికే దొరికింది.

* * *

ఏడున్నరకి మళ్ళీ కాంప్లెక్స్. మధ్యాహ్నం చూసిన లాడ్జి ముందు కారాపి కొడుకు లోపలికెళ్ళాడు. కౌంటరులో కుర్రాడు తల ఎత్తలేదు.

"రూములు నేవండీ."

"మధ్యాహ్నం ఉన్నాయిగా?"

"మద్దేనం ఉన్నాయి. ఇప్పుడు నేవు. రేపు మాగమాసం ఆదివారం, అరసవిల్లి జనం. పెళ్ళిళ్ళు కూడా. అన్నీ ఇచ్చీసినాం."

రెండో లాడ్జిలో ఒక గది ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఒక గదిలో ఐదుగురిని ఉండనివ్వరు. మూడోదాన్లో గోడ మీద రేటు పన్నెండు వందలు. అడిగింది నాలుగు వేలు. అదేమంటే, "మీకు వద్దంటే వెనక ఇద్దరున్నారు" అన్నారు. వెనక నిజంగానే ఇద్దరున్నారు. నాలుగోదాన్లో అందరి ఆధార్ కార్డులూ కావాలన్నారు. మాస్టారి భార్యది విశాఖలో సంచిలో ఉండిపోయింది. ఐదోది కల్యాణమండపం. లైట్లు చూసి హోటలనుకొన్నారు. గేటు దగ్గర పన్నీరు చల్లబోయారు.

డే అండ్ నైట్ జంక్షన్, ఏడురోడ్ల కూడలి, పాలకొండ రోడ్డు, మళ్ళీ డే అండ్ నైట్ జంక్షన్. ఆమదాలవలస రైల్వే స్టేషన్ దగ్గర చూడమని ఒకరు, రణస్థలం వెనక్కి వెళ్ళమని ఒకరు. కొడుకు ఫోన్లో వెతికాడు. 'మీకు దగ్గరలో ఉన్న హోటల్' అని ఒకటి చూపించింది. అది విశాఖపట్నంలో, వంద కిలోమీటర్ల అవతల.

ఆ ఫోనును తప్పుపట్టడానికి లేదు. జనం చేసేది కూడా అదే. 1950 ఆగస్టు 15 దాకా శ్రీకాకుళం, విశాఖపట్నం ఒకే జిల్లా. 1979లో విజయనగరం కూడా విడిగా జిల్లా అయింది. జిల్లాలు విడిపోయాయి. యాత్రికుడి బస మాత్రం విశాఖలోనే ఉండిపోయింది. పొద్దున్నే కారేసుకొని వస్తారు, గుడి చూస్తారు, సముద్రం చూస్తారు, రాత్రి భోజనానికి విశాఖ చేరిపోతారు. గది అద్దె, రాత్రి భోజనం, మర్నాటి టిఫిను, ఆటో కిరాయి అన్నీ అక్కడే. పొందూరు చీరో, భీమాళి మామిడి తాండ్రో కొనడానికి కావలసిన ఆ ఒక్క గంట తీరిక కూడా ఇక్కడ మిగలదు. ఉండే మనుషులు లేరని గదులు కట్టరు. గదులు లేవని మనుషులు ఉండరు.

మొదటి నుంచీ ఇలాగే ఉందనుకొంటే పొరపాటు. ఇది జగన్నాథం వెళ్ళే దారి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మేలో కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం నుంచి ఈ తీరం వెంబడే దక్షిణానికి దిగారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే, ప్రతి మజిలీలో ఆయన ముందుగా చూసుకొన్నది దిగే చోటు, తాగే నీళ్ళు, దొరికే సరుకు. దేవుడి దర్శనం ఆ తర్వాతే. డేరాలు కూడా వెంట ఉన్న మనిషి ఆయన. అయినా బస సంగతి మరవలేదు.

"బుస్సీకి గుడారాలున్నాయి. వీరాస్వామికి డేరాలున్నాయి. మనకి కారుంది, తల వాల్చే చోటు లేదు" అన్నారు మాస్టారు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడు మనవరాలు నిద్రకళ్ళతో అడిగింది.

"తాతయ్యా, పూటకూళ్ళమ్మ ఇల్లెక్కడ?"

* * *

తొమ్మిదిన్నరకి కొడుకు తేల్చేశాడు. "విశాఖ వెళ్ళిపోదాం. రెండు గంటల్లో చేరతాం. అరసవల్లి ఇంకోసారి చూద్దాంలే అమ్మా."

"నేను రాను."

కారులో అందరూ వెనక్కి తిరిగారు. పెద్దగా అనలేదావిడ. మామూలుగానే అంది.

"మీరు వెళ్ళండి. నేను ఆ కాంప్లెక్స్‌లో బెంచీ మీద కూర్చుంటాను. తెల్లారితే గుడికి పోతాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి."

"ఏమిటమ్మా ఈ పంతం? గుడి ఎక్కడికి పోతుంది?"

ఆవిడ చేతిసంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసి విప్పింది. లోపల రెండు వెండి కళ్ళు. చిన్నవి, నల్లబడినవి.

"నీకు ఆరేళ్ళప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ కంటికి తగిలింది. నీకు గుర్తుండదు. వారం దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. చూపొస్తే అరసవల్లి వచ్చి కళ్ళు సమర్పిస్తానని అనుకొన్నాను. తొమ్మిదో రోజున కట్టు విప్పితే, 'అమ్మా, నీ చీర ఆకుపచ్చ' అన్నావు."

బండి లోపల చప్పుడు లేదు.

"ఆ యేడు నాన్నగారికి బదిలీ. మరుసటేడు అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేదు. తర్వాత నీ చదువు, చెల్లెలి పెళ్ళి. అరసవల్లి ఎప్పుడూ ఇంకోసారే అయింది. ముప్ఫై ఏళ్ళు."

"నాకెందుకు చెప్పలేదు?" మాస్టారు అడిగారు.

"ఖర్చంటారని."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. కొడుకు కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా కారును అరసవల్లి రోడ్డు వైపు తిప్పాడు.

* * *

అరసవల్లి ఊరికి రెండు కిలోమీటర్లు. ఆ దారిలో ఒక టిఫిన్ బండి దగ్గర పాపకి ఇడ్లీ పెట్టిద్దామని ఆగారు. బండి వెనక యాభై దాటిన ఒకావిడ. అందరి ముఖాలూ ఒకసారి చూసింది.

"గది దొరకనేదేటమ్మా?"

"మీకెలా తెలుసు?" అంది కోడలు.

"ఇయ్యాల ఇక్కడికి వచ్చినోలంతా అదే ముకంతో వస్తన్నారు. ముందు తినీయండి. మా ఇల్లు ఈ ఈదిలోనే. ముందు గది ఇస్తాను. మంచం ఒకటే, పెద్దాయన పడుకుంటారు. మిగతావోలకి సాపలు ఏస్తాను. నీలు కాసి ఇస్తాను."

"ఎంతమ్మా?" కొడుకు అడిగాడు.

"మనిసికి నలబై. పిల్లకి వద్దు. ఇడ్లీ డబ్బులు వేరే."

ఇంట్లో ముందు గది సున్నం వేసి ఉంది. గోడకి దేవుడి పటాలు, ఒక మూల బియ్యం డబ్బా, పైన ఫ్యాను. తలుపు దగ్గర అప్పటికే రెండు జతల చెప్పులు. పక్క వసారాలో పార్వతీపురం నుంచి వచ్చిన ముసలి దంపతులు. మాఘమాసం ఆదివారాలు వచ్చాయంటే ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఇలా ముందుగది ఇస్తారట. వాటికి బోర్డులుండవు. ఏ ఫోనులోనూ కనపడవు. వచ్చినవాళ్ళు అడిగితే, ఇచ్చేవాళ్ళు ఎదురుపడితే, అంతే.

బుస్సీ పుట్టిన దేశంలో ఇదే పనికి ఒక పేరుంది. షాంబ్ర్ దోత్. పల్లెటూళ్ళో ఇంటివాళ్ళే తమ ఇంట్లో గది అద్దెకిచ్చి, పొద్దున్నే రొట్టే కాఫీ పెడతారు. మున్సిపల్ ఆఫీసులో చెప్పి నమోదు చేసుకోవాలి. ఐదు గదులు, పదిహేను మందికి మించకూడదు. ఇంతే నిబంధన. కారేసుకొని ఊళ్ళు తిరిగేవాళ్ళు అక్కడ ఆ గదులనే వెతుక్కొంటారు. మనకి చట్టం లేకముందే, పేరు కూడా ఉన్న ఏర్పాటది. ఆ పేరు నాటకంలో మిగిలిపోయింది. మనుషులు మాత్రం ఇంకా ఉన్నారు.

రాత్రి పదకొండుకి ఇంటావిడ గిన్నెలు తోముకొంటూ వసారాలో వాళ్ళతో మాట్లాడుతూనే ఉంది. ఏ కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడు, వంశధారకి నీళ్ళెప్పుడొస్తాయి, పెద్ద తుపానులో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయి. మాస్టారు మంచం మీద పడుకొని ఆ యాస వింటూ ఉన్నారు. పగలంతా చూసిన కోటలోనూ, కొండ మీదా ఎవరూ ఆయనతో ఇలా మాట్లాడలేదు. గిడుగు ఎందుకోసం పోట్లాడాడో ఆయన ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు చెప్పారు. ఆ రాత్రి ఆ భాషలోనే నిద్రపోయారు.

* * *

మూడున్నరకే ఇంటావిడ తలుపు తట్టింది. వేడినీళ్ళు. స్నానాలు. నాలుగున్నరకి క్యూలో ఉన్నారు.

అరసవల్లి గుడిని తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఏటా మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో పొద్దుటి ఎండ సూటిగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. మేఘం అడ్డొస్తే ఆ యేటికి అది కూడా లేదు.

"ఇవాళ పడుతుందా నానమ్మా?"

"ఇవాళ పడదమ్మా. ఇవాళ మనమే వెళ్ళాలి."

రెండు గంటల తర్వాత గర్భగుడి ముందు నిలబడ్డారు. నిమిషం కూడా ఆగనివ్వలేదు. ఆ నిమిషంలోనే ఆవిడ పసుపు గుడ్డ విప్పి, వెండి కళ్ళు కొడుకు చేతిలో పెట్టింది. హుండీలో వేసింది అతనే. బయటికొచ్చేసరికి ఎండ గాలిగోపురం మీదికెక్కింది. కొడుకు కళ్ళజోడు తీసి, ఒక్క క్షణం సూర్యుడి వైపు చూసి, మళ్ళీ పెట్టుకొన్నాడు.

"బాగానే కనిపిస్తోందిరా?" అంది తల్లి.

"కనిపిస్తోందమ్మా."

* * *

బయల్దేరేముందు లెక్క చూసుకొన్నారు. గది నూట అరవై, ఇడ్లీలు నూట ఇరవై. కొడుకు ఐదొందల నోటిచ్చి, "ఉంచుకోండమ్మా" అన్నాడు. ఆవిడ రెండొందల ఇరవై లెక్కపెట్టి తిరిగిచ్చేసింది.

"పక్క వసారాలో ఓల దగ్గర కూడా అంతే తీసుకున్నాను బావూ. మీ కాడ ఎక్కువ తీసుకుంటే ఓలకి ఏటి చెప్పను?"

మాస్టారు జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసి మనవరాలి చెవిలో ఏదో చెప్పారు. అది పరుగెత్తుకెళ్ళి ఆ నోటు ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదేటమ్మా?"

"గిరీశం బాకీ."

"గిరీశం ఎవులు?"

"మీ పక్క ఊరు విజయనగరం అతనేనమ్మా" అన్నారు మాస్టారు. "ఇలాగే ఒక తల్లి దగ్గర తిని, చెప్పకుండా పోయాడు. చాలా కాలమైంది."

ఆవిడ నోటు వైపూ ఆయన వైపూ చూసింది. పెద్దాయన ఏదో తమాషా చేస్తున్నాడని అర్థమైంది. నవ్వి, నోటు కళ్ళకద్దుకొని డబ్బాలో వేసింది.

"అలాటోలు ఉంటార్లెండి. మీరు మాత్రం మల్లీ వచ్చినప్పుడు ముందుగా ఒక ఫోన్ కొట్టీయండి. గది ఉంచీస్తాను."

కొడుకు ఫోను తీసి నంబరు ఎక్కించుకొన్నాడు. పేరు ఏమని రాయాలో అడగబోయేలోపే మనవరాలు చెప్పేసింది.